నాన్న తెరిచిన చెయ్యి

అంపైర్‌ను తిట్టడానికి టికెట్ కొనక్కర్లేదు అంటాడు మా నాన్న. నిజమే. నార్డాల్ బేస్‌బాల్ మైదానంలో టికెట్ కొన్నవాళ్ళూ తిడతారు, కంచె అవతల ట్రక్కు వెనక కుర్చీ వేసుకుని ఊరికే చూసేవాళ్ళూ తిడతారు. ఆదివారం పొద్దున చర్చిలో నా పక్కనే కూర్చుని వినయంగా పాట పాడిన ఆడమనిషి మధ్యాహ్నానికల్లా నా కళ్ళు కాకులు పొడుచుకుపోయాయా అని అరుస్తుంది. మా పేర్లు వాళ్ళకు అనవసరం. నీలం చొక్కాలు వేసుకుంటాం కాబట్టి తండ్రీ కూతుళ్ళం ఇద్దరం బ్లూలమే. బ్యాటర్ బంతి కొట్టే చోట ఉండే ప్లేట్ వెనక నిలబడే నేను బ్లూ. కొట్టినవాడు ముందుగా పరిగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే ఆయన ముసలి బ్లూ.

ఆ తిట్లలో సగం మూడో స్ట్రైక్ దగ్గరే పడతాయి. మూడు స్ట్రైకులు పడితే, అంటే కొట్టాల్సిన బంతులు మూడు తప్పితే, బ్యాటర్ ఔట్ అని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తర్వాతి ముక్క మాత్రం పళ్ళూడిన ముసలాళ్ళకు కూడా గుర్తుండదు. ఆ మూడో బంతిని వెనక కూర్చున్న క్యాచర్ నేలకు తగలకుండా పట్టుకోవాలి. నేలకు తగిలిందంటే, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే, లేదా జట్టులో అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే, బ్యాటర్ ప్రాణం ఇంకా పోలేదు, పరిగెత్తొచ్చు. అప్పుడు క్యాచర్ బంతితో అతన్ని తాకాలి, లేదా అతనికంటే ముందు బంతిని ఫస్ట్ బేస్‌కు చేర్చాలి.

ఇందులో చిక్కేమిటంటే, తీర్పు చెప్పాల్సిన మనిషికే ఆ బంతి కనపడదు. నేను క్యాచర్ వెనక ఉంటాను. బంతి కిందికి దిగినప్పుడు అతను గ్లవ్ బోర్లించి ముందుకు వంగుతాడు, ఇక నాకు కనిపించేది అతని వీపే. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం పక్కనుంచి అంతా తెలుస్తుంది. అందుకే ప్రతి అంపైర్ జోడీకీ ఒక రహస్య సైగ ఉంటుంది. మాది నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో వంటింటి బల్ల దగ్గర నాన్న నేర్పింది. కుడిచెయ్యి తొడ మీద పెడతాడు. పిడికిలి అయితే పట్టాడు. అరచెయ్యి తెరిచి ఉంటే నేలకు తగిలింది. ఒక్క క్షణం చూసి నేను తీర్పు చెప్పేస్తాను. నేను అడిగినట్టూ ఎవరికీ తెలియదు, ఆయన చెప్పినట్టూ ఎవరికీ తెలియదు.

నాన్న పేరు ఆర్విడ్. మోకాళ్ళు అరిగిపోయేదాకా ప్లేట్ వెనకే నిలబడ్డాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన ఔటివ్వని తండ్రీ లేడు, కొడుకూ లేడు. అయినా ఆగస్టులో జరిగే స్టేట్ పోటీలకు మాత్రం ఆయన్ని ఎప్పుడూ పిలవలేదు. అంపైర్లను పంపించే లోవెల్ బ్రెక్కె దగ్గర కాఫీ తాగుతూ రెండు మంచి మాటలు మాట్లాడితే పిలిచేవాడేమో. మా నాన్నది ముక్కుసూటి మనిషి జాతకం. బ్రెక్కె కుర్రాడిగా ఆడే రోజుల్లో వాడి నోటిదురుసుకు మైదానంలోంచి బయటకు పంపించింది కూడా ఈయనే.

ఏ ఏటికా ఏడు రేడియోలో స్టేట్ ఆటలు వింటూ, "ఆ బంతి ఎక్కడ పడిందో చూడకుండానే చెప్తున్నాడు వీడు," అని వంటింట్లో ఒక్కడే సణుక్కునేవాడు. పైకి అడిగితే, "అక్కడికెళ్ళి మాత్రం చేసేదేముంది, అవే బేసులు," అనేవాడు. అందని ద్రాక్ష సంగతి నాకు తెలియదా. ఆయన నీలం టోపీల్లో ఒకటి ఎప్పుడూ అట్టపెట్టెలోంచి తీయని కొత్తది. అది దేనికోసమని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈ వేసవిలో బ్రెక్కె తనంతట తనే ఫోన్ చేశాడు.

"సిగ్నీ, నార్డాల్‌కూ కార్విల్‌కూ ఆఖరాట మీ ఇద్దరికీ ఇస్తున్నాను," అన్నాడు. "నేనూ వచ్చి చూస్తాను. గొడవ లేకుండా నడిపించారంటే ఇద్దర్నీ స్టేట్‌కు పంపిస్తాను. మీ నాన్నకు ఇంక మళ్ళీ ఛాన్స్ రాకపోవచ్చు, నీకూ తెలుసు."

నాన్నకు చెప్పాను. తింటున్న బ్రెడ్డు ముక్క పక్కన పెట్టి, కిటికీలోంచి మొక్కజొన్న చేను వంక చూశాడు.

"పర్లేదు," అన్నాడు.

మా వైపు పర్లేదు అంటే పూలదండ వేసి సన్మానం చేసినట్టు లెక్క. సాయంత్రం చూస్తే అట్టపెట్టె తెరిచి ఉంది, టోపీ గోడకు తగిలించి ఉంది.

ఇక ఆయన చెయ్యి సంగతి చెప్పాలి. మా చర్చిలో ముసలాళ్ళలో సగంమందికి ఉంది ఆ జబ్బు. నార్వే నుంచి అమెరికాకు ఓడెక్కిన మా ముత్తాతలు బైబిల్‌తో పాటు దీన్నీ వెంట తెచ్చుకున్నారు. ముందు అరచేతిలో గట్టిగా ఒక బుడిపె లేస్తుంది. నొప్పీ పాడూ ఉండదు. తర్వాత చిటికెనవేలు వంగుతుంది, దాని వెనక ఉంగరంవేలు, అలా ఏళ్ళమీద వేళ్ళన్నీ అరచేతిలోకి ముడుచుకుపోతాయి. మా తాతకు కాఫీ కప్పు చెవి వేళ్ళలో ఇరుక్కుపోతే నానమ్మ సబ్బు రాసి లాగేది. మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు.

కిందటేడాది నాన్నకు రెండు వేళ్ళు వంగాయి. ఫార్గోలో డాక్టరమ్మ చూసి, ఇప్పుడే కోసి సరిచేస్తే బాగవుతుంది, కానీ కట్లూ కసరత్తులూ అయ్యేసరికి వేసవి గడిచిపోతుంది అంది.

"సీజన్ అయ్యాక చూద్దాం," అన్నాడు నాన్న. ఆ సీజన్ అయింది, దుంపల కోత వచ్చింది, మంచు పడింది. మంచు కరిగేసరికి మధ్యవేలు కూడా వాటితో కలిసింది.

నేను ఊరుకోలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు బల్ల దగ్గర కూర్చోబెట్టి, "నాన్నా, ఆ సైగ ఎడంచేత్తో చెయ్యి," అన్నాను.

"ఎడంచేతిలో బంతులు లెక్కపెట్టే క్లిక్కర్ ఉంటుందిగా."

"చేతులు మార్చుకో. క్లిక్కర్‌కు ఏ చెయ్యయితేనేం?"

"ఇన్నేళ్ళనించీ నా కుడిచేతి వైపు చూడటం నీకలవాటు. రేపు కంగారులో నువ్వటు చూస్తావు, నేనిటు చూపిస్తాను. అప్పుడు ఏడుద్దాం ఇద్దరం." చెయ్యి బల్ల మీద పెట్టి బలంగా నొక్కాడు. "ఇదిగో, తెరుచుకుంటోందిగా. నీకేం చాదస్తమే."

బల్లకేసి నొక్కితే కొంచెమైనా తెరుచుకుంటుంది మరి. ఔట్‌కు ఎలాగూ పిడికిలే కావాలి. సేఫ్ అనడానికి రెండు చేతులూ పక్కలకు చాపితే చాలు, వేళ్ళు ఎలా ఉన్నాయో చూసేదెవరు? మొత్తం ఆటలో అరచెయ్యి కావాల్సింది ఆ ఒక్క సైగకే, అది ఏడాదికోసారి వస్తుందో రాదో. ఆ వేసవంతా రాలేదు కూడా.

ఆఖరాట ఆదివారం మధ్యాహ్నం. ఎండ మాడిపోతోంది. చర్చి వాళ్ళు సాసేజ్‌లు కాలుస్తున్నారు. బ్రెక్కె కంచె పక్కన మడతకుర్చీలో, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నాన్న కొత్త టోపీ పెట్టుకున్నాడు. దాని అంచు ఇంకా వంగలేదు, నెత్తిన పళ్ళెం బోర్లించినట్టుంది.

"ఏం ముసలి బ్లూ, పెళ్ళిచూపులా?" అని అరిచాడెవడో ట్రక్కు మీదినించి.

"నీ చెల్లెలు ఒప్పుకుంటే," అన్నాడు నాన్న వెనక్కి తిరక్కుండా. స్టాండ్స్ అంతా నవ్వింది. ఆయన అంత హుషారుగా ఉండటం నేను చూసి చాలా కాలమైంది.

ఆట అద్దంలా నడిచింది. మా మీద ఒక్క మాట రాలేదంటే ఎంత బాగా నడిచిందో అర్థం చేసుకోండి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నార్డాల్ ఆఖరి బ్యాటింగ్. కార్విల్ నాలుగు, నార్డాల్ మూడు. అప్పటికే ఇద్దరు ఔట్, మూడోవాడు పోతే ఆట అయిపోయినట్టే. థర్డ్ బేస్ మీద ఒకడున్నాడు, వాడు ఇంటికి, అంటే ప్లేట్ దగ్గరికి, చేరితే స్కోరు సమం. బ్యాటర్ లెలండ్ అని ధాన్యం గోదాములో పనిచేసే బండ మనిషి. వాడికి రెండు స్ట్రైకులు పడ్డాయి.

పిచ్చర్ వేసిన బంతి ప్లేట్ దాకా వచ్చి ఒక్కసారిగా కిందికి జారింది. లెలండ్ గాలిని కొట్టాడు. కార్విల్ క్యాచర్ టానర్ గ్లవ్ బోర్లించి ముందుకు పడ్డాడు. గ్లవ్ పైకెత్తేసరికి బంతి అందులోనే ఉంది. నేలకు తగిలి వచ్చిందో, తగలకుండా వచ్చిందో ఆ దేవుడికి తెలియాలి. లెలండ్ తగిలిందనే అనుకున్నాడు, బ్యాట్ పారేసి పరుగందుకున్నాడు. థర్డ్ బేస్ మీదివాడు ఇంటివైపు దూకాడు.

స్ట్రైక్ అని చెయ్యి పక్కకు చాపి, నాన్న వైపు చూశాను.

తొడ మీద పిడికిలి ఉంది.

"ఔట్," అని నేనూ పిడికిలి బిగించాను. టానర్ ఆట అయిపోయిందని బంతిని పిచ్చర్ మట్టిదిబ్బ వైపు దొర్లించేసి, చేతులెత్తుకుని పిచ్చర్ మీదికి ఉరికాడు. కార్విల్ వాళ్ళంతా ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు.

నార్డాల్ మేనేజర్ డ్వేన్ పందుల ఫారం నడుపుతాడు. మెల్లగా నడిచొచ్చాడు. కోపం వస్తే గొంతు తగ్గుతుంది ఆయనకు.

"అమ్మాయ్, అది నేలకు తగిలింది. నీకు కనపళ్ళేదు, నిన్నేమీ అనను. మీ నాన్ననడుగు."

అడగడానికి నాకేం భయం? నేను చూసింది ఆయన చెప్పిందే కదా. భాగస్వామి పిలవకుండా నాన్న అడుగు కదపడు, అది ఆయన పద్ధతి. పిలిచాను. నాన్న వచ్చాడు. మాస్క్ నోటికి అడ్డం పెట్టుకుని, "పట్టాడు కదా," అన్నాను.

నాన్న నా ముఖం వంక వింతగా చూశాడు.

"తగిలింది. దుమ్ము లేచింది కూడా. అసలు నువ్వెందుకు ఔటిచ్చావు? నేను చూపించింది చూళ్ళేదా?"

"చూశాను. పిడికిలి చూపించావు."

"పిడికిలెక్కడ? తెరిచే పెట్టాను."

"నాన్నా, ఇందాక ఎలా పెట్టావో అలా పెట్టు."

పెట్టాడు. ఇద్దరం కిందికి చూశాం. చూపుడువేలు ఒక్కటే కాస్త ఎత్తుగా ఉంది, మిగతావి అరచేతిలో ముడుచుకుని ఉన్నాయి. నాన్న వాటిని తెరవాలని చూస్తున్నాడు, మణికట్టు దగ్గర నరాలు తేలడం నాకు కనిపిస్తోంది. వేళ్ళు మాత్రం కదల్లేదు.

"నాకిది తెరిచినట్టే ఉందమ్మా," అన్నాడు.

బ్రెక్కె కుర్చీలోంచి లేచి కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"విను నాన్నా," అన్నాను. "నేనే పొరబడ్డానని చెప్తాను. నీ వైపు చూళ్ళేదు, తొందరపడ్డాను అంటాను. నువ్వు నోరెత్తకు. స్టేట్‌కు వెళ్తావు, అక్కడ ఎడంచేత్తో చేద్దువుగాని."

"అలా చెప్తే రేపటినించి నిన్ను ప్లేట్ వెనక ఎవడు నిలబెడతాడే? భాగస్వామిని చూడకుండా ఔటిచ్చిందని మచ్చ పడుతుంది. నీ కళ్ళెదుట ఏముందో అదే చూశావు నువ్వు."

"నాకింకా బోలెడు వేసవులున్నాయి."

"అందుకే," అన్నాడు.

మేనేజర్లిద్దరూ, టానర్, కంచె ఇవతలికి వచ్చిన బ్రెక్కె, అందరూ ఒకచోట ఉన్నారు. నాన్న వాళ్ళ దగ్గరికి నడిచి కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

"బంతి నేలకు తగిలింది. నేను తెరిచిన చెయ్యి చూపించాను. నా తెరిచిన చెయ్యి ఇది. ఇందులో మా అమ్మాయి తప్పు లేదు."

స్టాండ్స్‌లో తిట్టడానికి వచ్చినవాళ్ళందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. అక్కడ సగంమంది ఇళ్ళల్లో అలాంటి చేతులున్నాయి. ఆ నిశ్శబ్దం కంటే తిట్లే నయమనిపించింది నాకు.

మాట్లాడింది టానర్ ఒక్కడే. "అయితే నేనేం చెయ్యాలండీ? మీరు ఔట్ అనబట్టి బంతి వదిలేశాను. అనకపోయుంటే ఫస్ట్ బేస్‌కు విసిరేవాణ్ణి కాదా? లెలండ్ పరుగు మీకు తెలీదా, ఫ్రిజ్ దొర్లించినట్టుంటుంది. మీ చెయ్యి తెరుచుకోకపోతే మేం గెలిచిన ఆట పోవాలా?"

"తగిలిందని ఆయన నోటితోనే చెప్పాడుగా," అన్నాడు డ్వేన్. "తగిలితే మావాడు ఔటెలా అవుతాడు?"

ఇద్దరి మాటా నిజమే, అదే నా ఖర్మ. తప్పు తీర్పు దిద్దేటప్పుడు మొదటే సరిగ్గా చెప్పి ఉంటే ఏం జరిగేదో అలా చెయ్యాలంటుంది రూలు. జరగని ఆటలో ఏం జరిగేదో నాకేం తెలుసు? టానర్ విసిరేవాడు. ఆ విసురు నేరుగా వెళ్ళేదో, మొక్కజొన్న చేలో పడేదో. చివరికి లెలండ్‌ను ఫస్ట్ బేస్ మీద పెట్టి, ఇంటికొచ్చిన పరుగు లెక్కలో వేశాను. నాలుగూ నాలుగూ సమం. కార్విల్ వాళ్ళు గ్లవ్‌లు నేలకేసి కొట్టారు. మళ్ళీ ఆడారు.

తర్వాతి బ్యాటర్ మొదటి బంతికే గాల్లోకి లేపి ఔటయ్యాడు. పదో ఇన్నింగ్స్‌లో కార్విల్ రెండు పరుగులు చేసింది, నార్డాల్ ఒక్కటీ చెయ్యలేదు. గెలవాల్సినవాళ్ళే గెలిచారు, ఓడాల్సినవాళ్ళే ఓడారు. నాన్న నిజం చెప్పకపోయినా ఇదే జరిగేది. ఆ నిజంతో ఎవరికీ చిల్లిగవ్వంత మేలు జరగలేదు, ఎవరి జాతకమూ మారలేదు, ఆయనది తప్ప. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

బ్రెక్కె మా కారు దగ్గరికి వచ్చాడు. పాపం, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక టైరు వంక చూస్తూ మాట్లాడాడు.

"ఆర్విడ్, ఇవాళ మీరు చెప్పిన తీరు పర్లేదు."

"ఊఁ," అన్నాడు నాన్న.

"సిగ్నీ, స్టేట్‌కు నువ్వు రా. నీకు జోడీ నేను చూస్తాను."

"నేను రా..." అనబోయాను.

"వస్తుంది," అన్నాడు నాన్న.

దారిలో పోట్లాడాను. నువ్వు లేకుండా నేనెందుకు వెళ్ళాలి, ఆ బ్రెక్కె మొహం నేనెందుకు చూడాలి అన్నాను. నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు వంచుతూ కూర్చున్నాడు. ఒంటిచేత్తో సరిగ్గా వంగడం లేదు.

"నువ్వు వెళ్ళకపోతే నేను అక్కడ నిజం ఎందుకు చెప్పినట్టు?" అన్నాడు.

ఆ వారమే ఫార్గో వెళ్ళాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. డాక్టరమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ లాగి చూసింది. కీళ్ళు బిగుసుకుపోయాయి, కోసినా ఇప్పుడు కొంచెమే తెరుచుకుంటాయి, ఆ కొంచెమూ మళ్ళీ ముడుచుకోవచ్చు అంది. పోయినేడాది వచ్చిందీయనే కదా అని నావైపు చూసింది. నాన్న మడిచిన చొక్కా చేతులు దించుకుంటూ, కుడిచేతి బొత్తాం నా చేత పెట్టించుకుంటూ, "సరేలెండి, చెంచా పట్టుకోవడానికి సరిపోతుంది," అన్నాడు.

ఆగస్టు ఆఖర్లో స్టేట్‌కు వెళ్ళాను. నాన్న టికెట్ కొనుక్కుని వచ్చాడు, తిట్టడానికి అన్నాడు. ఫస్ట్ బేస్ వైపు స్టాండ్స్‌లో కింది వరసలో, ఎప్పుడూ నిలబడే చోటికి సరిగ్గా వెనక కూర్చున్నాడు. కొత్త టోపీ పెట్టుకోలేదు. విత్తనాల కంపెనీ వాడు ఊరికే ఇచ్చిన ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నాడు.

నా జోడీ కెర్మిట్ అని కుదురైన మనిషి, మా సైగే అతనికీ నేర్పాను. మొదటి ఆట ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చింది ఆ బంతి. అలాగే జారింది, క్యాచర్ అలాగే గ్లవ్ బోర్లించి ముందుకు పడ్డాడు. స్ట్రైక్ అని చెయ్యి చాపి చూశాను. కెర్మిట్ తొడ మీద అరచెయ్యి తెల్లగా, విశాలంగా తెరుచుకుని ఉంది. ఔటివ్వలేదు. క్యాచర్ ఫస్ట్ బేస్‌కు విసిరాడు, విసురు పక్కకు పోయింది, బ్యాటర్ క్షేమంగా చేరాడు. ఎవరూ నోరెత్తలేదు.

కానీ కెర్మిట్ చేతిని చూసిన నా చూపు అక్కడ ఆగలేదు. అలవాటు చొప్పున అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. నాన్న ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి తొడ మీద ఉంది. ఎడంచేత్తో దాని వేళ్ళు పట్టుకుని, ఒక్కొక్కటే తెరవాలని వెనక్కి వంచుతున్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు అందరూ లేచి బంతి వంక చూస్తున్నారు. ఆయన ఒక్కడే కిందికి చూసుకుంటున్నాడు. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరాడు, బంతి పిచ్చర్‌కు తిరిగొచ్చింది, ఆయన ఇంకా రెండో వేలు దగ్గరే ఉన్నాడు.

నేను మాస్క్ తగిలించుకున్నాను. తర్వాతి రెండు బంతులు నాకు సరిగ్గా కనపళ్ళేదు.

ఇంటికి వస్తుంటే కారులో, చాలా దూరం వచ్చాక అడిగాడు.

"ఏడో ఇన్నింగ్స్‌లో నా వైపు చూశావా?"

"చూశాను."

"తెరిచే పెట్టాను కదా?"

"తెరిచే పెట్టావు నాన్నా," అన్నాను.